బాణం మొన ఎటు?

జూన్ 12

పిడుగూ,

ఎలా ఉన్నావే? మాటలన్నీ ఫోనులో చెప్పేస్తానన్నావట, మీ పిన్ని చెప్పింది. వద్దు తల్లీ. చెవిన పడ్డ మాటని నేను గోడ మీద రాయను. ఎక్కడ వత్తు ఉందో, ఎక్కడ దీర్ఘం ఉందో కాగితం మీద కళ్ళారా చూస్తేనే కుంచె పట్టుకుంటాను. బోర్డులు రాసేవాడికి ఇది చాదస్తం కాదు. ఒక్క పొల్లు ఎగిరిపోయిందంటే వీధి వీధంతా ఏళ్ళ తరబడి నవ్వుతుంది. అందుకని శుభ్రంగా ఉత్తరం రాయి.

సంగతి చెబుతాను విను. మా వీధి చివరి బడిలో నడవా గోడలకి కొత్తగా తెల్ల రంగు వేశారు. పిల్లలు అటూ ఇటూ తిరుగుతూ జీవశాస్త్రంలో మొదటి మాటలు బొమ్మలతో సహా చూసి నేర్చుకోవాలని అక్కడి పెద్ద టీచరు గారి కోరిక. నాకు కబురు పెట్టారు. తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళానా, అక్కడ నాకంటే ముందు ఎవరున్నారనుకున్నావ్? మీ మామయ్య! నా ముద్దుల బావమరిది! మెడలో టేపు, చేతిలో రంగుల నమూనాలు, ముఖాన నవ్వు. "ఎందుకు బావా ఈ వయసులో నిచ్చెనలెక్కడం? నా మిషనుకి చెబితే ఒక్క పూటలో స్టిక్కర్లు కోసి పారేస్తుంది" అన్నాడు, అందరూ వినేలా.

పెద్ద టీచరు గారు తెలివైన మనిషి. ఇద్దరికీ టీ ఇప్పించి ఒక మాట చెప్పారు. మొదటి గోడ నాకు. అది బాగుంటే మిగిలిన గోడలూ నావే. బాగోలేదా, మొత్తం నడవా మీ మామయ్య స్టిక్కర్లకే.

నీ దగ్గర దాపరికం ఎందుకు? నాకు పనిలేక చాలా రోజులైంది. మందుల షాపు, బట్టల కొట్టు, చివరికి నేను పుట్టినప్పటి నుంచి క్షవరం చేయించుకుంటున్న సెలూనూ స్టిక్కర్లకి మారిపోయాయి. మీ మామయ్య తన మిషను పక్కన నాకోసం ఒక కుర్చీ కూడా వేయించాడు. "స్టిక్కర్ల అంచులు పీకే పని బావా, ఫ్యాను కింద కూర్చుని చేసుకో" అంటాడు. మంచి మనసుతోనే అంటాడు, అదే నా ఏడుపు. ఈ గోడ చేజారితే నాకు ఆ కుర్చీయే గతి. ఆ కుర్చీ నాకు వద్దే పిడుగూ.

నువ్వు మీ బడిలో చెప్పేది ఇదే పాఠం కదా. మాటలు రాసి పంపు. ఒక్కోదానికీ అర్థం కూడా చెప్పు. అర్థం తెలియని మాట రాస్తుంటే నా చెయ్యి ఎటో పోతుంది. అన్నిటికంటే ముందు ఇది తేల్చు: జీవి అంటే ఏమిటి? మా ఇంట్లో టీ కెటిల్ ఉంది చూడు. గ్యాసు తింటుంది, నీళ్ళు తాగుతుంది, ఆవిరి వదులుతుంది, వేళకి కేకలు పెడుతుంది, ముట్టుకుంటే చుర్రుమంటుంది. అది జీవా, కాదా?

ఎదురుచూస్తూ,
నీ బాబాయ్


జూన్ 18

బాబాయ్‌కి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి గట్టిగా నవ్వాను. లెక్కల మాస్టారు ఏమైందని అడిగితే కెటిల్ సంగతి చెప్పాను. ఆయన కెటిల్ తరఫునే వాదించాడు.

కెటిల్ జీవి కాదు బాబాయ్. నిన్న ఉన్నంతే ఇవాళా ఉంది, రేపూ అంతే ఉంటుంది. జీవి అయితే పెరుగుతుంది. తనలాంటి పిల్లల్ని కంటుంది. మీ వంటగదిలో ఇంతవరకు పిల్ల కెటిల్ పుట్టిందా? దెబ్బ తగిలితే జీవి తనను తాను బాగుచేసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, జీవి ఒంట్లో కణాలు ఉంటాయి. గోడకి ఇటుక ఎలాగో ఒంటికి కణం అలాగ. కాకపోతే ఈ ఇటుక తింటుంది, ఊపిరి తీసుకుంటుంది, ఒకటి రెండవుతుంది. ఒకే రకం కణాలు గుంపుగా చేరితే కణజాలం. కణజాలాలు కలిస్తే గుండె, ఆకు లాంటి అవయవం. ఇవి రెండో గోడకి పనికొస్తాయి, దాచిపెట్టుకో.

మొదటి గోడ మీద ఆహారపు గొలుసు పెడదాం. పిల్లలకి దాని మీద సరదా ఎక్కువ, ఒకరినొకరు తినే కథ కదా. మాటలు ఇవి:

ఉత్పత్తిదారులు అంటే మొక్కలు. ఎండనీ గాలినీ నీళ్ళనీ పట్టుకుని తమ తిండి తామే వండుకుంటాయి. ఆ వంటకి పేరు కిరణజన్య సంయోగక్రియ. వినియోగదారులు అంటే వండుకోవడం చేతకాక ఇంకొకరిని తినేవాళ్ళు. వాళ్ళలో మొక్కల్ని తినేవాళ్ళు శాకాహారులు, జంతువుల్ని తినేవాళ్ళు మాంసాహారులు. చచ్చిపోయినవాటిని కుళ్ళబెట్టి తిని మట్టిలో కలిపేవి విచ్ఛిన్నకారులు. పుట్టగొడుగులు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ జట్టు.

బొమ్మలు: గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఇవి వరసగా వేసి మధ్యలో బాణాలు పెట్టు. పుట్టగొడుగు ఒక మూలన వేస్తే చాలు. అంతే బాబాయ్, ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు.

నా గది కిటికీ అద్దానికి ఒక బల్లి కాపురం పెట్టింది. దీపం పెట్టగానే భోజనానికి వస్తుంది. నాకంటే వేళ తప్పకుండా తింటోంది.

పిన్నికి నా ముద్దులు. నిచ్చెన మీద జాగ్రత్త.

నీ పిడుగు


జూన్ 27

పిడుగూ,

అయిపోయిందే! గోడ అయిపోయింది!

కానీ ముందు నీ మీద ఫిర్యాదు. కిరణజన్య సంయోగక్రియ ఏమిటే? మొక్క అంత సులువుగా చేసుకునే వంటకి అంత పొడుగు పేరా? గోడ ఈ చివర మొదలుపెడితే 'క్రియ' దగ్గరికి వచ్చేసరికి కిటికీ అడ్డం వచ్చింది. పొట్టి పేరు ఏదైనా ఉందేమో అడుగుదామనుకున్నాను, నువ్వు తిడతావని ఊరుకున్నాను. చివరికి ఆ మాటని ఒక పెద్ద ఆకు అంచు చుట్టూ వంపుగా తిప్పాను. నా చేత్తో రాశానని చెప్పడం కాదు కానీ, చూస్తే ఆకు ఆ మాటని తనే పలుకుతున్నట్టుంది.

విచ్ఛిన్నకారులు మాత్రం నాకు భలే నచ్చారు. ఆ 'చ్ఛి' కింద వత్తుకి ఎంత చోటు వదలాలో తెలిసినవాడే రాయగలడు. మీ మామయ్య మిషనైతే వత్తు తోక కత్తిరించి పారేసేది.

ఇక బాణాల గురించి వినవే. గోడకి అందం అవే. బాణం వేయడంలో ఈ ఊళ్ళో నన్ను కొట్టేవాడు లేడు. నా జీవితమంతా బాణాలు వేశాను. టికెట్ల కిటికీకి బాణం, డాక్టరు గదికి బాణం, మరుగుదొడ్డికి బాణం. నా బాణం నమ్ముకుని దారి తప్పినవాడు ఇంతవరకు లేడు. ఈ గోడ మీదా అంతే, చూడగానే తెలిసిపోతుంది. గద్ద కాళ్ళ దగ్గర ఎర్ర బాణం మొదలై నేరుగా పాము మీదికి దూకుతుంది. పాము నుంచి కప్ప మీదికి, కప్ప నుంచి మిడత మీదికి, మిడత నుంచి గడ్డి మీదికి. ఎవరు ఎవరి మీద పడుతున్నారో చంటిపిల్లకి కూడా తెలుస్తుంది.

పెద్ద టీచరు గారు వచ్చి చూసి, "ఎంత ముచ్చటగా ఉందండీ" అన్నారు. బడి కమిటీ వాళ్ళు జూలై పదిహేనున వచ్చి చూస్తారట, ఆ రోజే మిగిలిన గోడల సంగతి తేలుస్తారు. నాకు నేల మీద కాలు ఆనడం లేదు. మీ పిన్ని నన్ను చూసి, "పెళ్ళి రోజున కూడా ఇంత వెలిగిపోలేదు మీ ముఖం" అంది.

మీ బల్లి వినియోగదారుడే కదా? చూశావా, నాకు పాఠం వచ్చేసింది.

నీ బాబాయ్


జూలై 2

బాబాయ్,

బాణాలన్నీ తప్పు! వెంటనే తిప్పెయ్! కమిటీ వాళ్ళు చూడకముందే చేసెయ్యి. బడికి బస్సు వచ్చేస్తోంది, వివరంగా రేపు రాస్తాను.

పిడుగు


జూలై 6

చిరంజీవి సౌభాగ్యవతి టీచరు గారికి,

కార్డు ముక్క అందింది. వివరంగా రేపు రాస్తానన్నావు. ఆ రేపు ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

నా బాణాలకి ఏం తక్కువైందమ్మా? తిప్పమంటావా? ఏం తిప్పాలి? వంకర్లు తిప్పాలా, ఈ కాలం వాళ్ళు వేసే తోక బాణాల్లాగా? తిన్నటి బాణం ఇప్పుడు పాతకాలపుదైపోయిందా? నువ్వు గోడ చూడనైనా చూడలేదు. చూడకుండా తప్పని ఎలా అంటావ్? నిజం చెప్పు, మీ మామయ్య నీకు ఫోను చేశాడు కదూ? నిన్న వచ్చి గోడని అరగంట సేపు చూసి, "అదిరింది బావా" అని వెళ్ళాడు. అదిరింది అన్నవాడు అంతసేపు ఎందుకు చూస్తాడు? ఏదో వంక దొరికి ఉంటుంది, నీ చెవిన వేసి ఉంటాడు.

నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి. సైకిలు నేర్పినవాణ్ణి. ఆ మాట గుర్తుంచుకో.

నీ బాబాయ్

(అమ్మడూ, ఇది మీ పిన్నిని. ఈయన ఉత్తరం అతికించేలోపు లాక్కుని రాస్తున్నాను. రెండు రోజులుగా ముద్ద సరిగ్గా దిగడం లేదు. పొద్దున లేవగానే బడికి వెళ్ళి గోడ ముందు నిలబడుతున్నారు. తప్పేమిటో కాస్త నెమ్మదిగా చెప్పు. మా తమ్ముడు నీకు ఫోను చేయలేదని నాకు తెలుసు, వాడికి నీ నంబరే తెలియదు.)


జూలై 7

బాబాయ్, పిన్నీ, ఇద్దరికీ,

నీ కోపం ఉత్తరం ఇంకా నాకు అందలేదు కానీ, రాసే ఉంటావు, దారిలో ఉంటుంది. నీ సంగతి నాకు తెలియదా? ఆ కార్డు అలా రాసినందుకు నన్ను తిట్టు, పడతాను. నీ బాణాలు ఎంత అందంగా ఉంటాయో నాకు తెలుసు. మా చిన్నప్పటి ఇంటి తలుపు మీద నువ్వు వేసిన బాణం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అందానికి వంక పెట్టలేదు బాబాయ్. మొనలు అటువి ఇటు ఉండాలి, అంతే.

నీ లెక్క నాకు అర్థమైంది. బాణం అంటే 'ఇటు వెళ్ళు' అని. గద్ద పాము దగ్గరికి వెళ్తుంది కాబట్టి మొన పాము వైపు పెట్టావు. కానీ ఈ గొలుసులో బాణం నడిచేది తినేవాడి వెంట కాదు, తిండి వెంట. గడ్డిలో ఉన్న సత్తువ మిడత కడుపులోకి వెళ్తుంది. అక్కడి నుంచి కప్పలోకి, పాములోకి, గద్దలోకి. ఉదయం నువ్వు టీ కప్పు దగ్గరికి వెళ్తావు. కానీ టీ ఎటు వెళ్తుంది? నీలోకే కదా! ఎవరి నోట్లో పడుతోందో అటే మొన. నోరు ఎటుంటే మొన అటు, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

రేపు రాస్తానని ఇన్నాళ్ళు ఎందుకు ఆగానో కూడా చెబుతాను. నీ ఉత్తరం చదివాక నాకు అనుమానం వచ్చి, మా తరగతి పిల్లల చేత గొలుసు వేయించాను, ఏమీ చెప్పకుండా. బాబాయ్, సగానికి సగం మంది నీలాగే వేశారు! స్టాఫ్ రూములో లెక్కల మాస్టారి చేతికి సుద్దముక్క ఇస్తే ఆయన కూడా గద్ద నుంచే మొదలుపెట్టాడు. 'మధ్యలో బాణాలు పెట్టు' అని నీకు రాసిన నాకు, మొన ఎటో చెప్పాలని తట్టనే లేదు. నాకు తెలిసింది లోకమంతా తెలుసనుకున్నాను. మళ్ళీ మొత్తం తరగతిని కూర్చోబెట్టి బాణం దగ్గర నుంచి పాఠం చెప్పుకొచ్చాను.

ఇంకా పదిహేనుకి టైముంది. పెద్ద టీచరు గారికి చెప్పెయ్. మాటలు పంపినది మా అన్నగారి కూతురు, సరిగ్గా చెప్పలేదు అను. నా మీద తోసెయ్, ఏం ఫర్వాలేదు.

ప్రేమతో,
పిడుగు


జూలై 11

పిడుగూ,

నీ ఉత్తరం చదివి, టీ కప్పు చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ పిన్ని "చల్లారిపోతోంది" అని అరుస్తూనే ఉంది. తాగాను. నిజమే, నాలోకే వెళ్ళింది.

నీ మీద కోపం పోయింది. ఇప్పుడు కోపమంతా నా మీదే. గడ్డి గద్దని పట్టుకుని మింగుతున్నట్టు రాసి పెట్టానే, అదీ ఎర్ర రంగుతో, అదీ చెరగని రంగుతో! రోజూ అంతమంది పిల్లలు ఆ గోడ చూస్తూ తిరుగుతున్నారు.

కానీ ఒక సంగతి ఉంది. ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. టీచరు గారు చూడలేదు. మీ మామయ్య చూడలేదు, పాపం అతను నిజంగానే మెచ్చుకున్నాడు, ఊరికే అనుమానించాను. నేను నోరు మూసుకుని కూర్చుంటే కమిటీ వాళ్ళూ మెచ్చుకుంటారు, మిగిలిన గోడలూ నావవుతాయి. చెప్పానా, "బాణం కూడా వేయడం రాదు ఈయనకి" అని స్టిక్కర్లకి ఇచ్చేస్తారు. నాకు భయంగా ఉందే. నిజంగా భయంగా ఉంది. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు ఆ కుర్చీ, ఆ ఫ్యానే.

మీ పిన్నిని అడిగాను. ఆవిడ గిన్నెలు తోముతూనే, "మరుగుదొడ్డికి బాణం అటుది ఇటు వేస్తే ఊరుకుంటారా?" అంది. అంతకంటే అనాల్సింది ఏముంది?

రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. నీ మీద తొయ్యను. కుంచె పట్టుకున్నది నేను. మొన ఎటు అని ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు. నువ్వు ఈ ఉత్తరం చదివేసరికి నేను నిచ్చెన మీద ఉంటానో కుర్చీలో ఉంటానో నాకే తెలియదు.

నీ బాబాయ్


జూలై 15

బాబాయ్,

ఏమైంది? ఇవాళే కదా కమిటీ! ఫోను చేస్తే పిన్ని "ఆయనే రాస్తానన్నారు, నన్ను చెప్పనివ్వడం లేదు" అని నవ్వి పెట్టేసింది. నవ్విందంటే మంచి కబురే అనుకుంటున్నాను, కానీ పిన్ని పాలు పొంగిపోయినా అలాగే నవ్వుతుంది కదా. పాఠం చెబుతూ కూడా నీ గోడే ఆలోచిస్తున్నాను. బల్లి కూడా నిన్నటి నుంచి కనిపించడం లేదు. త్వరగా రాయి, నీకు పుణ్యం ఉంటుంది.

పిడుగు


జూలై 17

పిడుగూ,

నిచ్చెన మీదే ఉన్నానే!

వరసగా చెబుతాను, కంగారు పెట్టకు. ఆ పొద్దున టీచరు గారి గదికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, "అమ్మా, గోడ మీద బాణాలన్నీ తిరగబడ్డాయి" అని చెప్పేశాను. ఆవిడ లేచి నడవాలోకి వచ్చారు. గోడ ముందు నిలబడి వేలితో గద్ద నుంచి గడ్డి దాకా చదువుకున్నారు. ఆఖరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "రోజూ చూస్తున్నానండీ, నాకూ కనపడలేదు" అన్నారు.

తర్వాత ఆవిడ చేసిన పని చూడు. పిల్లలందరినీ నడవాలోకి పిలిచి, "ఈ గోడ మీద ఒక తప్పుంది, తాతగారు మీ ముందే దిద్దుతారు" అని చెప్పారు. నేను ఏ రోజూ సగం రాసిన బోర్డు ఎవరికీ చూపించినవాణ్ణి కాదు, నీకు తెలుసుగా, గుడ్డ కప్పుకుని రాస్తాను. ఇప్పుడు అంతమంది ముందు నా తప్పు నేనే చెరుపుకోవాలి. చెవులు కాలిపోయాయి అనుకో.

అదే సమయానికి మీ మామయ్య టేపు పట్టుకుని దిగాడు, గోడలు కొలుచుకుందామని. విషయం విన్నాడు. విని ఏం చేశాడో తెలుసా? టేపు జేబులో పెట్టుకుని వచ్చి నా నిచ్చెన పట్టుకున్నాడు. "పైకెక్కు బావా, నేనున్నా" అన్నాడు. వాణ్ణి అన్ని మాటలు అన్నానే నేను!

ఎర్ర మొనలన్నీ రంగు వదిలించే మందులో ముంచిన గుడ్డతో తుడిచేశాను. కర్రలు మిగిలాయి, మొనలు లేవు. తర్వాత ఒక్కో కర్ర దగ్గరా ఆగి, "ఎవరి నోరర్రా?" అని అడిగాను. "మిడత నోరు!" "కప్ప నోరు!" అని నడవా ఎగిరిపోయేలా అరిచారు. ఎటు అరిస్తే అటు మొన వేశాను. గద్ద దగ్గరికి వచ్చేసరికి ఎవరో, "మరి గద్దని ఎవరు తింటారు?" అన్నారు. నేను నిచ్చెన మీద నుంచి మూలనున్న పుట్టగొడుగు వైపు చూశాను. పాపం, ఒక్క బాణం కూడా లేకుండా ఒంటరిగా నిలబడి ఉంది. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. గద్ద నుంచి పుట్టగొడుగుకి ఒక పొడుగాటి బాణం లాగాను. అక్కడి నుంచి మట్టిలోకి, మట్టిలోంచి గడ్డి వేళ్ళలోకి. "వీళ్ళే విచ్ఛిన్నకారులు" అన్నాను, వత్తు కూడా పలికి మరీ. నీ గొలుసు గుండ్రంగా చుట్టుకుని మొదటికి వచ్చింది. నువ్వు మూలన వేస్తే చాలన్న పుట్టగొడుగు లేకపోతే గోడ మధ్యలో ఆగిపోయేది, చూసుకో!

మీ మామయ్య కిందనుంచి, "నా స్టిక్కరైతే గోడంతా పీకి మళ్ళీ కొట్టాల్సి వచ్చేది" అన్నాడు. ఆ మాట టీచరు గారు విన్నారు. పదిహేనున కమిటీ వాళ్ళకి ఆవిడే చెప్పారు, జరిగింది జరిగినట్టు. మిగిలిన గోడలు నావే! కాకపోతే ఒక షరతు. గుడ్డ కప్పకూడదు. పిల్లలు బడిలో ఉండగానే, వాళ్ళు చూస్తుండగా రాయాలి. ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళకి నాకు ప్రూఫులు దిద్దేవాళ్ళు దొరికారు.

ఆ కుర్చీ సంగతి చెప్పడం మర్చిపోయాను. నిన్న మీ మామయ్య దాన్ని తలమీద పెట్టుకుని బడికి మోసుకొచ్చాడు. కింది వరసలు వంగి రాస్తే నడుము పోతుందట, కూర్చుని రాయాలట. కూర్చున్నాను. మంచి కుర్చీయేనే అది, ఊరికే దాన్ని తిట్టుకున్నాను.

రెండో గోడకి కణం, కణజాలం, అవయవం సిద్ధంగా ఉన్నాయి. ఇంకా మాటలు పంపు, కాగితం మీదే. ఎక్కడ ఏ గీత పడాలో ఈసారి వెయ్యిసార్లు అడుగుతాను, విసుక్కోకు. మీ బల్లి వచ్చిందా?

చివరిగా ఒక మాట. బోర్డు రాసినవాడు మూలన పేరు వేసుకోవడం ఆనవాయితీ కదా. ఈ గోడకి పేరు వేయలేదు. పుట్టగొడుగు పక్కన బొటనవేలంత మనిషిని వేశాను. నిచ్చెన మీద కూర్చుని రొట్టె ముక్క తింటున్నాడు. రొట్టె నుంచి అతని నోటికి ఒక చిన్న బాణం. అతని మెడ మీద ఒక దోమ. అతని నుంచి దోమకి ఇంకో చిన్న బాణం.

మొన ఎటు పెట్టాలో ఈసారి ఎవర్నీ అడగలేదు.

ఇట్లు,
వినియోగదారుడు,
నీ బాబాయ్